యానాము తెలుగువారు – ఫ్రెంచి పౌరస్థితి పత్రములు

ఆంధ్రదేశపు ఎల్లలకు వెలుపల తరతరములుగా నివసించుచున్న తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా వలసలకు గల కారణములను, వృత్తులను, దేవాలయములను, భాషాస్థితిని పరిశీలింతురు. ఆ ప్రజలకును వారిని పాలించిన ప్రభుత్వములకును నడుమ నిలిచిన కాగితములను గూర్చి విచారించువారు తక్కువ. ఒక మనుష్యుడు ఎవరి కుమారుడు, ఎచ్చట పుట్టెను, ఏ శాస్త్రమునకు లోబడినవాడు, ఏ రాజ్యమునకు చెందినవాడు అను ప్రశ్నలకు ఊరివారందరికిని సమాధానము తెలిసియే యుండును. కాని ప్రభుత్వము ఆ సమాధానమును నోటిమాటగా గైకొనదు. అది వ్రాతలో ఉండవలెను, సాక్షులుండవలెను, అధికారి సంతకముండవలెను. ఈ విషయమును విచారించుటకు యానామును మించిన ఉదాహరణము తెలుగువారి చరిత్రలో లేదని చెప్పవచ్చును.

బరంపురము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రములో చేరినది. బళ్ళారి 1953 అక్టోబరు 1వ తేదీన మైసూరులో కలిసినది. ఆయా చోట్ల తెలుగువారికి రాష్ట్రము మారినదే గాని జాతీయత మారలేదు. యానాములోనైతే తెలుగువాడు తన వీధిని విడువకుండగనే, తన భాషను విడువకుండగనే, ఒక దేశపు జనుల లెక్కనుండి మరియొక దేశపు జనుల లెక్కలోనికి మారెను. ఆ మార్పునకు కాగితమే సాధనము, కాగితమే సాక్ష్యము.

స్థలస్వరూపము

గౌతమీ గోదావరి నుండి కోరింగనది, అనగా ఆత్రేయ, చీలుచోట యానాము వెలసియున్నది. దాని విస్తీర్ణము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. కాకినాడ అచ్చటికి 30 కిలోమీటర్లకు లోపుననే యున్నది. పాలనాకేంద్రమైన పుదుచ్చేరి మాత్రము 800 కిలోమీటర్లకు పైబడిన దూరమున గలదు. ఫ్రెంచివారు 1723లో ఇచ్చట వర్తకస్థానమును నెలకొల్పి, కొలది సంవత్సరములలో విడిచి, 1731లో మరల స్థాపించిరి. ఐరోపాలో ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని యుద్ధము వచ్చినపుడెల్ల యానాము ఆంగ్లేయుల వశమగుచు, సంధి జరిగినపుడు తిరిగి ఫ్రెంచివారికి దక్కుచు వచ్చెను. 1814 నాటి పారిస్ సంధి ననుసరించి 1817లో మరల చేతికి వచ్చినది మొదలు 1954 వరకు అది ఫ్రెంచి పాలనలోనే యుండెను.

చుట్టును ఆంగ్లేయుల గోదావరి మండలము, నడుమ ఈ చిన్న ముక్క. ఇరువైపుల వారికిని వియ్యములు గలవు. కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట మొదలగు పల్లెల ప్రజలకు పొలములు, బంధువులు, సంతలు, పుణ్యతీర్థములు అన్నియు ఎల్లకు ఈవలను ఆవలను చెదరియుండెను. ప్రజలకు ఎల్ల కనిపింపదు. ప్రభుత్వపు పుస్తకమునకు అది స్పష్టముగా కనిపించును. ఈ భేదమే మన విచారణకు మూలము.

మొదటి కాగితము: కూలి ఒప్పందము

పుట్టుకలను వ్రాసికొను ఏర్పాటు సర్వజనులకు రాకమునుపే యానాములోని బీదజనులు ఒక ప్రభుత్వపత్రమును ఎరిగియుండిరి. అది కూలి ఒప్పందము. హిందూమహాసముద్రములోని రీయూనియన్ దీవి చెరకుతోటలలో పని చేయుటకు ఒప్పంద పద్ధతిపై మొదటిసారిగా కొనిపోబడిన భారతీయులు 1828లో యానామునుండి వెడలిన 15 మంది తెలుగువారు. నాటి ఫ్రెంచి పత్రములు వీరిని 'తెలింగులు' అని పేర్కొన్నవి. పిదప తమిళ ప్రాంతమునుండి పెద్దసంఖ్యలో కూలీలు చేరగా, ఆ దీవిలో దక్షిణ భారతదేశపు హిందువులందరికిని 'మలబారు'లను ఒక్క పేరే స్థిరపడెను. మలబారుతో ఏ సంబంధమును లేని గోదావరి తీరవాసి సంతతియు ఆ పేరనే పిలువబడెను. ఇతరులు పెట్టిన పేరు ఎంతటి బలము గలదో ఈ ఒక్క సంగతియే చాటుచున్నది.

పౌరస్థితి పుస్తకములు

ఫ్రెంచివారు జననము, వివాహము, మరణము అను మూడింటిని ప్రభుత్వ పుస్తకములలో నమోదు చేయు పద్ధతిని 'ఎతా సివిల్' అందురు. దీనిని మనము పౌరస్థితి యనవచ్చును. వలస స్థావరములలో ఈ పుస్తకములను మూడు ప్రతులుగా వ్రాయించి, ఒక ప్రతిని ఫ్రాన్సుకు పంపవలెనని 1776లోనే రాజాజ్ఞ వెలువడెను. నాడు అది ముఖ్యముగా ఐరోపావారికిని క్రైస్తవులకును సంబంధించినది. హిందువులను, మహమ్మదీయులను, క్రైస్తవులను వారివారి శాస్త్రములను కులాచారములను బట్టియే విచారింతుమని 1819 జనవరి 6వ తేదీ ఉత్తరువులో ఫ్రెంచి ప్రభుత్వము మాట ఇచ్చియుండెను. కావున దేశీయుల ఇంటి వ్యవహారములలో అది వెంటనే చేయి పెట్టలేదు.

1880వ సంవత్సరము ఈ విషయమున మలుపు. ఆ యేడు మార్చి 12వ తేదీ డిక్రీచే ఫ్రెంచి స్థావరములు 10 మునిసిపాలిటీలుగా విభజింపబడినవి. అందు యానాము ఒకటి. ఏప్రిల్ 24వ తేదీ డిక్రీ ఫ్రెంచి పౌరస్మృతిలోని పౌరస్థితి, వివాహ ప్రకరణములను దేశీయులకును వర్తింపజేసెను. ఐనను తమ ఆచారము ననుసరించి వివాహమాడు స్వేచ్ఛను వారికి ఉంచెను. ఆంగ్లేయుల ప్రాంతమున కరణము జనన మరణములను లెక్కకొరకు వ్రాసికొనుచుండగా, ఎల్లకు ఈవల యానాములో ఒక్కొక్క జననమును ఒక్కొక్క చట్టబద్ధమైన పత్రముగా రూపొందెను. ఆవలివారికి పుట్టినతేదీ యనగా చాలమందికి బడిలో వ్రాయించినదే. ఈవలివారికి అది అధికారి యెదుట సాక్షులతో వ్రాయబడినది.

ఆ పౌరస్మృతి మన ఆచారములను దృష్టిలో నుంచుకొని వ్రాయబడినది కాదు. 1804 నాటి మూలపాఠము ప్రకారము బిడ్డ పుట్టిన 3 దినములలో అధికారికి తెలుపవలెను. పుట్టిన దినము, గడియ, స్థలము, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, వృత్తి, నివాసము పత్రమున నుండవలెను. మన తెలుగిండ్లలో పురిటిశుద్ధి 11వ దినమునగాని జరుగదు. బారసాల 11వ నాడో 21వ నాడో చేయుదురు. అంతవరకు బిడ్డకు పేరే లేదు. ఉయ్యాలలో పేరు పెట్టకమునుపే పుస్తకములో పేరు వ్రాయుమనుట ఆ చట్టపు స్వభావము. ఇంట పిలుచు పేరొకటి, పుస్తకములోని పేరొకటి యగుటకు ఇట్టి చట్టములలోనే మూలము గలదు.

అదే పౌరస్మృతిలో మన గ్రామజీవనమునకు దగ్గరయైన ఒక నిబంధనయు లేకపోలేదు. పెండ్లికి జననపత్రము చూపలేనివాడు ఏడుగురు సాక్షులను న్యాయాధికారి యెదుటికి తెచ్చి, తన జన్మవృత్తాంతమును వారిచే చెప్పించి, ఆ సాక్ష్యమును పత్రముగా పొందవచ్చును. సంతకము చేయలేనివారి విషయమున, చేయలేకపోవుటకు గల కారణమును పత్రములోనే వ్రాయవలెను. ఊరివారి ఎరుక ఇట్లు ప్రభుత్వపు వ్రాతగా మారుటకు ఒక ద్వారము తెరువబడెను.

ఇంటిపేరు

పేరు విషయమున తెలుగువారికి తమ తమిళ సోదరులకు లేని ఒక సౌకర్యము కలిగెను. తమిళులలో వంశనామము సాధారణముగా లేదు. తండ్రిపేరు మొదటి అక్షరమే వారికి గుర్తు. ఫ్రెంచి పుస్తకమో వంశనామమును తప్పక అడుగును. తెలుగువానికి ఇంటిపేరు పుట్టుకతోనే యున్నది. కావున యానాము తెలుగువాడు ఫ్రెంచి పుస్తకములోనికి తన ఇంటిపేరుతోనే ప్రవేశింపగలిగెను.

అయినను లిపి మారుటచే రూపము మారెను. ఫ్రెంచిలో మన ఉకారమును వ్రాయుటకు 'ఓ', 'యు' అను రెండక్షరములు కావలెను. చకారమునకు 'టి', 'సి', 'హెచ్' అను మూడక్షరములు, జకారమునకు 'డి', 'జె' అను రెండక్షరములు వాడుదురు. కాకినాడలోని నాయుడుగారి పేరు ఆంగ్లలిపిలో 'యు' అక్షరముతో ముగియగా, యానాములోని జ్ఞాతి పేరు 'ఓ', 'యు' అను రెండక్షరములతో ముగిసెను. పలుకుబడి ఒక్కటియే, వంశము ఒక్కటియే. కాని రెండు కాగితములను ఒకచోట నుంచి చూచు పరదేశపు గుమాస్తాకు వారు ఇరువురు వేరు మనుష్యులు. వారసత్వపు వ్యాజ్యములలోను పాసుపోర్టు దరఖాస్తులలోను ఒక్క అక్షరభేదము ఎంతటి చిక్కు తెచ్చునో తెలిసినవారికి ఇది చిన్న విషయముగా తోపదు.

స్త్రీల పేర్ల విషయమున మరియొక విశేషము గలదు. మన ఆచారమున వివాహముతో స్త్రీ ఇంటిపేరు మారును. ఫ్రెంచివారి శాసనము ప్రకారము జననపత్రములోని పేరే ఆజన్మాంతము చట్టబద్ధమైన పేరు. భర్తపేరు దానికి తోడుగా వ్రాయబడునే గాని దానిని తొలగింపదు. ఈ పద్ధతివలన మెట్టినింట మరుగుపడిపోవు పుట్టింటి పేరు పుస్తకములలో నిలిచినది. మన వంశవృక్షములలో తల్లుల వైపు వంశము రెండు తరములకు మించి తెలియుట అరుదు. యానాము పుస్తకములలో అది దొరకును. పరిశోధకులు దీనిని విశేషముగా గమనింపవలెను.

విడిచినవారు

1873లో పుదుచ్చేరి న్యాయస్థానములోనికి పొన్నుతంబి పిళ్ళె అను తమిళ న్యాయవాది ఐరోపావారివలె మేజోళ్ళు, బూట్లు ధరించి ప్రవేశించెను. దేశీయులు అట్లు రారాదని న్యాయాధికారి అతనిని శిక్షించెను. పిళ్ళె పారిస్ ఉన్నత న్యాయస్థానమువరకు పోయి గెలిచెను. ఈ వివాదము వెనుక పెద్ద ప్రశ్న యున్నది. దేశీయుడు తన కులాచార శాస్త్రమును విడిచి ఫ్రెంచివారితో సమానముగా వారి పౌరస్మృతికి లోబడగోరినచో, అందుకు మార్గము గలదా?

1881 సెప్టెంబరు 21వ తేదీ డిక్రీ ఆ మార్గమును చూపెను. 21 సంవత్సరములు నిండిన దేశీయుడు అధికారి యెదుట ప్రకటన చేసి తన వైయక్తిక శాస్త్రమును విడువవచ్చును. విడిచినవాడు ఒక వంశనామమును స్వీకరింపవలెను. ఆ త్యాగము తిరుగులేనిది. అది అతని భార్యకును మైనరు బిడ్డలకును వర్తించును. ఇట్టివారిని ఫ్రెంచిలో 'రెనోంసాఁ' అనిరి, అనగా విడిచినవారు. పొన్నుతంబి పిళ్ళె అప్పుడు 'లపోర్త్' అను వంశనామమును గైకొనెను. ఆ మాటకు తలుపు అని యర్థము. తన వెనుక వచ్చువారికి తలుపు తీసితినని ఆయన భావము కాబోలు.

ఈ డిక్రీ యానామునకును వర్తించినది. దాని స్వరూపమును మనము జాగ్రత్తగా చూడవలెను. మతమును మార్చుకొనుమని అది కోరలేదు. విడిచినవాడు హిందువుగానే యుండవచ్చును, క్రైస్తవుడుగానే యుండవచ్చును. మారునది వివాహము, దాయభాగము, దత్తత మొదలగు విషయములలో అతనికి వర్తించు శాస్త్రము. ఉమ్మడి కుటుంబములోని అన్నదమ్ములలో ఒకడు విడిచి మరియొకడు విడువనిచో, ఒకే తండ్రి బిడ్డలకు రెండు ధర్మశాస్త్రములు. గడపలో కాలుపెట్టక, ఒక్క సంతకముతో ప్రభుత్వము ఇంటిని రెండుగా విభజింపగలదని ఈ డిక్రీ చూపినది.

ఆ మాట నేటికిని మన చట్టములలో నిలిచియున్నది. 1963లో పుదుచ్చేరికి భారతీయ చట్టములను వర్తింపజేసినపుడు, 1955 నాటి హిందూ వివాహ చట్టములో ఒక ఉపనిబంధనను చేర్చి, పుదుచ్చేరి ప్రాంతపు రెనోంసాలకు ఈ చట్టము వర్తింపదని చెప్పిరి. ముత్తాత చేసిన ఒక ప్రకటన మునిమనుమని వివాహమునకును ఆస్తికిని వర్తించు శాస్త్రమును నేటికిని నిర్ణయించుచున్నది.

ఓటర్ల జాబితాలు

1848లో ఫ్రాన్సులో గణతంత్రము ఏర్పడినపుడు, 5 సంవత్సరములకు పైగా నివసించిన ఫ్రెంచి స్థావరముల దేశీయులకు ఫ్రెంచి జాతీయతను వేరుగా నిరూపింపకయే ఓటు వేయు అవకాశము కలిగెను. నాటి ఆంగ్లేయ భారతమున ఇట్టిది ఊహకందని విషయము. కాని ఓటు ఇచ్చిన చేయియే ఓటర్లను విడదీసెను. 1884లో మూడు జాబితాలు ఏర్పడినవి. ఐరోపావారికిని వారి సంతతికిని ఒకటి, విడిచినవారికి ఒకటి, తక్కిన భారతీయులకు ఒకటి. 1899లో వీనిని రెండు చేసిరి. జనాభాలో అత్యల్పసంఖ్యాకులైన ఐరోపావారికి పెద్ద ప్రాతినిధ్యము దక్కుటయే ఈ విభజనయొక్క ఫలము. ఒకే వీధిలో నివసించువారు ఒకే దినమున ఓటు వేయుచు, వేరువేరు జాబితాలలోని మనుష్యులుగా నుండిరి.

1946లో స్థితి మారెను. ఫ్రెంచి వలసదేశముల వారందరును పౌరులే యని ఆ యేడు మే 7వ తేదీ చట్టమును, అక్టోబరు నాటి రాజ్యాంగమును ప్రకటించెను. వైయక్తిక శాస్త్రమును విడువనివారికి దానిని ఉంచుకొను హక్కును రాజ్యాంగము కాపాడెను. ఆ యేడే ఏర్పడిన 44 మంది సభ్యుల ప్రతినిధిసభలో యానామునకు 2 స్థానములు లభించెను. శాస్త్రమును విడిచిననే గాని సమానత లేదని 1881లో చెప్పిన ప్రభుత్వము, విడువకున్నను సమానులే యని ఒప్పుకొనుటకు 65 సంవత్సరములు పట్టెను. అప్పటికి ఆ సామ్రాజ్యమే అస్తమించుచుండెను.

కళ్యాణపురము

ఎల్లయొక్క ప్రభావము ఆవలి తెలుగువారి మీదను పడెను. బాల్యవివాహములను నిరోధించు శారదా చట్టము 1929లో అంగీకరింపబడి 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి ఆంగ్లేయ భారతమున అమలులోనికి వచ్చెను. ఫ్రెంచి యానామునకు అది వర్తింపలేదు. చుట్టుపట్ల జిల్లాల తెలుగువారు బాలికలను, వరులను వెంటబెట్టుకొని యానాము వచ్చి పెండ్లిండ్లు చేసికొని పోవుచుండిరి. ఇట్లు ఆ ఊరికి కళ్యాణపురమను పేరు వచ్చెను. సత్రములకును పురోహితులకును బాజాలవారికిని ఆ రోజులలో తీరికలేని పని.

దీనిని మనము గర్వముగా చెప్పుకొనవలసిన పని లేదు. మేలుకొరకు వచ్చిన చట్టమును తప్పించుకొనుటకు ఎల్లను వాడుకొనుట ఆ బాలికలకు అపకారమే. ఐనను చరిత్రకారుడు గమనింపవలసిన సంగతి ఒకటి యున్నది. ఏ ఎల్లను ప్రభుత్వములు ప్రజలను లెక్కించుటకు గీసికొన్నవో, ఆ ఎల్లనే ప్రజలు తమ అవసరమునకు వాడుకొనుట నేర్చిరి.

ఆరు నెలల గడువు

భారతదేశము స్వతంత్రమైన పిమ్మట ఎల్ల బిగిసెను. 1941లో ఫ్రెంచి, ఆంగ్లేయ ప్రభుత్వముల నడుమ జరిగిన సుంకముల ఒడంబడిక 1949లో ముగిసినందున సరకులపై సోదాలు పెరిగెను. 1954 జూన్ 13వ తేదీన దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున విమోచనవాదులు యానామును స్వాధీనము చేసికొనిరి. యానాము ఫరంపేటలో జన్మించిన ఈయన అంతకుముందు ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసినవాడు. అదే సంవత్సరము నవంబరు 1వ తేదీన నాలుగు స్థావరముల పాలనయు భారత ప్రభుత్వమునకు అప్పగింపబడెను.

పాలన మారినది, కాని జాతీయత మారలేదు. విలీనపు ఒప్పందము 1956 మే 28వ తేదీన కుదిరినను, అల్జీరియా యుద్ధములో చిక్కుకొనిన ఫ్రాన్సు పార్లమెంటు 1962వరకు దానిని ఆమోదింపలేదు. ఆమోదపత్రముల మార్పిడి 1962 ఆగస్టు 16వ తేదీన జరిగెను. దాదాపు 8 సంవత్సరములు యానాము తెలుగువారు భారత ప్రభుత్వమునకు పన్ను కట్టుచు, భారతదేశపు తపాలా బిళ్ళలు వాడుచు, చట్టము దృష్టిలో ఫ్రెంచి జాతీయులుగా నుండిరి.

ఒప్పందము అమలులోనికి వచ్చిన దినమున, ఆ స్థావరములలో పుట్టి అచ్చటనే నివసించుచున్న ఫ్రెంచి జాతీయులందరును భారతపౌరులైరి. ఫ్రెంచి జాతీయతను నిలుపుకొనగోరువారు 6 నెలలలోపల వ్రాతపూర్వకముగా ప్రకటింపవలెను. అట్లు ప్రకటించినవారు భారత జాతీయతను ఎన్నడును పొందనివారుగా భావింపబడుదురు. 18 సంవత్సరములు నిండని అవివాహితులైన బిడ్డలకు తండ్రి, తండ్రి లేనిచో తల్లి, ఇరువురును లేనిచో సంరక్షకుడు చేసిన ప్రకటనయే ప్రమాణము. అట్లు ఫ్రెంచి జాతీయులుగా నిలిచిన బిడ్డలు 18 నిండిన 6 నెలలలో భారతపౌరసత్వమును కోరుకొనవచ్చును. భర్త ఎన్నిక భార్య జాతీయతను మార్పదు.

ఈ నిబంధనలను 1881 నాటి డిక్రీతో పోల్చి చూచిన ఎడల విషయము తేటపడును. రెండింటను తండ్రి మాట బిడ్డల భాగ్యమును నిర్ణయించినది. కాని 1881లో భర్త ప్రకటన భార్యను బంధించెను. 1962లో ఆమె వేరుగా ఎన్నుకొనగలిగెను. 1881లో మాటాడనివాడు తన పూర్వస్థితిలోనే యుండెను. 1962లో మాటాడనివాని స్థితియే మారెను. మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలందురు. ఇచ్చట మౌనము పూర్ణాంగీకారమైనది.

యానాము ప్రజలలో అత్యధికులు మౌనముగా నుండిరి. వారికి అది సహజము. వారి బంధువులు కాకినాడలో, తాళ్ళరేవులో, అమలాపురములో ఉండిరి. స్వరాజ్యము వారికి అభిమానవిషయము. ఫ్రెంచి సైన్యములోను ఉద్యోగములలోను పనిచేసి పింఛను పొందుచున్నవారికి, బిడ్డలను ఫ్రాన్సులో చదివింపదలచిన వారికి మాత్రము ఆ 6 నెలలు ఆలోచనతో కూడినవి. ఇందు ఎవరిని దేశభక్తులనవలెను, ఎవరిని కాదనవలెను అను విచారణ మనకు తగదు. ఇంటి పెద్ద తన బిడ్డల అన్నమును, గౌరవమును తూచి చూచుకొనెను. ఆ తూకమునకు కాలము మాత్రము తక్కువగా ఉండెను.

పుట్టినచోటు

ఒప్పందములోని ఈ నిబంధనలన్నియు స్థావరములలో 'పుట్టిన' ఫ్రెంచి జాతీయులను గూర్చియే చెప్పినవి. ఈ ఒక్క మాటలో తెలుగు సంసారమునకు సంబంధించిన చిక్కు దాగియున్నది. తొలికాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసికొనివచ్చుట మన ఆచారము. యానాము కోడలి పుట్టిల్లు ఎల్లకు ఆవల నున్నచో, యానాము వంశపు పెద్దకొడుకు ఆంగ్లేయుల భూమిపై పుట్టును. రెండవ కాన్పు మెట్టినింట జరిగినచో తమ్ముడు ఫ్రెంచి భూమిపై పుట్టును. తల్లిదండ్రులు ఒకరే, ఇల్లు ఒకటియే. కాని ఒప్పందపు మాటలు తమ్మునికి సూటిగా వర్తించును, అన్నకు వర్తింపవు. తొలిచూలు ముచ్చటకై పెద్దలు ఏర్పరచిన ఆచారము అంతర్జాతీయ చట్టములో ప్రశ్నగా మారునని ఎవరు తలంతురు? చట్టమును వ్రాసినవారికి పుట్టినచోటును నివసించుచోటును మాత్రమే తెలియును. పుట్టిల్లు, మెట్టినిల్లు అను విభాగము వారి నిఘంటువులో లేదు.

నేటి స్థితి

నాటి పుస్తకములు నేడును పని చేయుచున్నవి. ఫ్రాన్సుకు పంపబడిన పాత ప్రతులు ఎక్స్-ఆఁ-ప్రొవాఁస్ నగరములోని విదేశీ స్థావరముల పత్రాగారమునందు భద్రపరుపబడియున్నవి. ఫ్రెంచి జాతీయులుగా నిలిచిన కుటుంబములవారు తమ పౌరస్థితిపత్రముల విషయమున నాంత్ నగరములోని విదేశాంగశాఖ కేంద్ర కార్యాలయముతో ఉత్తర ప్రత్యుత్తరములు జరుపవలసియుండును. గోదావరి ఒడ్డున పుట్టిన తాతగారి జన్మవృత్తాంతమునకు సాక్ష్యము ఫ్రాన్సులోని ఒక భాండాగారములో నుండుట విచిత్రమే. ఐనను, ఆ సాక్ష్యము నిలిచియుండుట మన అదృష్టము.

భారతదేశమున నేడు ఆధారు సంఖ్య సర్వత్ర వ్యాపించినది. దానిని 2010 సెప్టెంబరులో మొదటిసారిగా ఇచ్చిరి. అయితే ఆధారు పౌరసత్వమునకు ప్రమాణము కాదని 2016 నాటి చట్టమే చెప్పుచున్నది. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టమును 2023లో సవరించి, ఆ యేడు అక్టోబరు 1వ తేదీ మొదలు పుట్టినవారికి జననపత్రమే చదువునకును, ఓటునకును, పాసుపోర్టునకును ప్రమాణమగునట్లు చేసిరి. అనగా భారతదేశమంతయు ఇప్పుడు చేరుచున్న మార్గములో యానాము 1880లోనే అడుగుపెట్టినది. ఆ మార్గమున గల లాభమేమో, చిక్కు ఏమో యానాము తెలుగువారు 140 సంవత్సరములకు పైగా అనుభవించియున్నారు.

ఆ అనుభవము మనకు చెప్పునది ఇది. ప్రభుత్వము పత్రమును అడుగుట తప్పు కాదు. పత్రము బీదవానికి రక్ష కూడ. జననపత్రము గలవాని వయస్సును ఎవరును మార్చలేరు, వారసత్వమును ఎవరును కాదనలేరు. కాని పత్రము అడుగు ప్రశ్నలు కొన్నియే. ఇంటిపేరు పలుకు తీరును, పురుటికి పుట్టింటికి పోవు ఆచారమును, ఎల్లకు రెండువైపుల నున్న వియ్యమును అది ఎరుగదు. ఎరుగని దానిని అది లేనట్లే భావించును. ఆ లోటును పూరింపవలసినది ప్రజలే, ప్రజల సంఘములే.

కావున ఇతర రాష్ట్రములలో చిరకాలముగా నివసించు తెలుగువారికి నా మనవి యొకటి. మీ ఇండ్లలోని పెట్టెలలో తాతముత్తాతల జననపత్రములు, వివాహపత్రములు, సైన్యపు పింఛను కాగితములు, కూలి ఒప్పందములు, పాత ఓటరు చీటీలు ఉండవచ్చును. చెదలు పట్టకమునుపే వానికి నకళ్ళు తీయించుడు. ఒక్కొక్క పత్రముతోపాటు, అందు పేరు ఏ అక్షరములలో వ్రాయబడినను ఇంట ఎట్లు పలుకుదురో, ఆ వ్యక్తి పుట్టిల్లు ఏదో, బంధువులు ఎచ్చటివారో తెలుగులో ఒక పుటపై వ్రాసి జతచేయుడు. సంఘములు ఈ పనికి పూనుకొన్నచో పదిమంది పెద్దలు జీవించియున్న ఊరిలో ఒక సంవత్సరమున నూరేండ్ల చరిత్రను కూర్పవచ్చును. నాడు పౌరస్మృతి ఏడుగురు సాక్షులను అడిగినది. ఆ సాక్ష్యమును చెప్పగలవారు నేడు మన పెద్దలే.